పాలమూరు బస్సుకు పదేళ్లు

ఉమ్మడి ఆర్టీసీ 2015 జూన్‌లో రెండుగా విడిపోయి వేర్వేరుగా పని మొదలుపెట్టింది. 2016 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ చట్టబద్ధంగా ఏర్పడింది. అక్కడి నుంచి పదేళ్లలో పాలమూరు, నల్లగొండ ప్రాంతాల బస్సు ఎంత పెరిగింది, ఎవరి కోసం పెరిగింది, ఎక్కడిదాకా వచ్చి ఆగింది అన్నది ఒకచోట రాసిపెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నేను పుట్టింది దేవరకొండ వైపు పల్లెలో, మెట్టింది మహబూబ్‌నగర్‌లో, పాఠాలు చెప్పేది ఒక జూనియర్ కళాశాలలో. నా విద్యార్థులలో ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సు మీద వచ్చేవారే కనుక, బస్సు వేళలు తెలియకుండా నేను నా తరగతిని కూడా సరిగా నడపలేను.

బస్సు పెరిగిందా అని ఎవరినైనా అడిగితే సాధారణంగా కొత్త బస్సుల గురించి చెబుతారు. ఏసీ బస్సులు వచ్చాయని, స్లీపర్ బస్సులు వచ్చాయని, హైదరాబాద్ నుంచి విజయవాడకు సూర్యాపేట, కోదాడల మీదుగా ఎలక్ట్రిక్ గరుడ బస్సులు నడుస్తున్నాయని చెబుతారు. అవన్నీ నిజమే, అవసరమైనవే. కానీ నేను లెక్క చూసేది మరో విధంగా. ఒక పల్లెను తీసుకుని, ఆ ఊరికి పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకు, సాయంత్రం చివరి బస్సు ఎన్ని గంటలకు, ఆ రెండింటి మధ్య ఎన్ని ట్రిప్పులు అని అడుగుతాను. ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి ఆ ఊరి ఆడపిల్ల ఇంటర్ చదవగలదా, ఆ ఊరి ముసలావిడ పట్నం ఆసుపత్రిలో చూపించుకుని పొద్దుగూకేలోగా ఇల్లు చేరగలదా, ఆ ఊరి కూరగాయలు రైతు బజారుకు వేళకు చేరతాయా అన్నది చాలావరకు తేలిపోతుంది. డిపోలో బస్సుల సంఖ్య రెట్టింపైనా ఆ ఊరి వేళలు మారకపోతే, ఆ ఊరికి సంబంధించినంతవరకు పెరుగుదల జరగనట్టే.

మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సుకు చాలా పాత చరిత్ర ఉంది. 1932 జూన్‌లో నిజాం రాజ్యపు రైల్వే శాఖ కిందనే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. రైలూ బస్సూ ఒకే శాఖ చేతిలో ఉండటం వల్ల, రైలు దిగినవాడికి బస్సు దొరకాలన్న ఆలోచన ఆనాడే ఉండేదని నేను అనుకుంటాను. ఆర్టీసీ బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీదుగా వచ్చిందని మన పెద్దలు చెప్పుకుంటారు. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడిన తర్వాత ఆ వ్యవస్థే ఊరూరికీ విస్తరించింది. మహబూబ్‌నగర్, షాద్‌నగర్, కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, కోస్గి డిపోలు మహబూబ్‌నగర్ రీజియన్ కిందికి వస్తాయి. అటు నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట, కోదాడ, యాదగిరిగుట్ట డిపోలు నల్లగొండ రీజియన్‌వి. కృష్ణా తుంగభద్రలకు ఇవతల, హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న ఇంత పెద్ద మెట్ట ప్రాంతానికి ఈ డిపోలే ఆధారం.

తెలంగాణ ఏర్పడిన కొత్తలో ఈ డిపోల మధ్య ప్రయాణాల తీరు ఒక రకంగా ఉండేది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగాక అది గట్టిగా మారిపోయింది. అంతకుముందు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఎంత పెద్దదంటే, అలంపూర్ ప్రాంతపు మనిషి కలెక్టరేటులో పని పడితే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రావలసి వచ్చేది. అచ్చంపేటకు ఆవల నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ మనిషికి కూడా జిల్లా కేంద్రమంటే ఒక పూట ప్రయాణం. ఇటువంటివారు తెల్లవారుజామున బయలుదేరి, ఆఫీసులో సంబంధిత ఉద్యోగి ఆ రోజు దొరికితే పని చేయించుకుని, దొరకకపోతే బస్టాండులోనో బంధువుల ఇంట్లోనో రాత్రి గడిపేవారు. ఆ రోజుల్లో మహబూబ్‌నగర్ బస్టాండు ఒక పెద్ద జిల్లా మొత్తానికి నిరీక్షణ గది.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లా కేంద్రాలయ్యాక, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయ్యాక, ఆ ప్రయాణాలు చిన్నవయ్యాయి. అలంపూర్ మనిషి గద్వాల వెళ్తే చాలు, అమ్రాబాద్ మనిషి నాగర్‌కర్నూల్ వెళ్తే చాలు. నల్లగొండలోనూ సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడి అదే మార్పు వచ్చింది. బస్సుల విషయంలో ఈ మార్పును మనం తగినంతగా చర్చించుకోలేదని నా అభిప్రాయం. అంతవరకు ఒక తాలూకా పట్టణానికి సరిపోయేలా అల్లిన రూట్ల మీదకే ఒక జిల్లా కేంద్రం బరువు వచ్చి పడింది. డిపోలు పాతవే, ఊళ్లకు వెళ్లే దారులు పాతవే, కానీ వాటి మీద ప్రయాణించే మనుషుల గమ్యాలు, పనులు, వేళలు మారాయి. కలెక్టరేటు పని పదిన్నరకు మొదలవుతుంది, ఆసుపత్రి ఓపీ పొద్దున తొమ్మిదికే మొదలవుతుంది, కళాశాల కూడా ఇంచుమించు అదే వేళకు. ఈ మూడింటికీ పనికొచ్చే ట్రిప్పు ఒక్కటే ఉన్న ఊళ్లో ఆ ఒక్క బస్సు ఏ స్థితిలో వస్తుందో చూసినవారికి వేరుగా చెప్పనవసరం లేదు.

నైట్ హాల్ట్ బస్సు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. రాత్రి చివరి ట్రిప్పుగా పల్లెకు వెళ్లి, అక్కడే ఆగి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా పట్నానికి తిరిగి వచ్చే బస్సు అది. డ్రైవరు, కండక్టరు ఆ రాత్రి ఆ ఊళ్లోనే పడుకుంటారు, గ్రామపంచాయతీ వారో ఊరివారో వారికి ఇంత చోటు చూపిస్తారు. డిపో లెక్కల్లో ఇది ఖర్చుగా కనిపించవచ్చు, ఎందుకంటే చివరి ట్రిప్పులో జనం తక్కువ, సిబ్బందికి రాత్రి భత్యం ఇవ్వాలి. అయితే ఊరికి ఆ బస్సే ధైర్యం. రాత్రి ఊళ్లో బస్సు ఉందంటే పొద్దున కచ్చితంగా బస్సు ఉన్నట్టే, పట్నం నుంచి ఎప్పుడు వస్తుందో, మధ్యలో ఆగిపోయిందేమో అన్న అనుమానం ఉండదు. ఆ మొదటి ట్రిప్పులో పాల క్యాన్లు, కూరగాయల గంపలు, తాపీ పనికి, హమాలీ పనికి వెళ్లేవాళ్లు, ప్రత్యేక తరగతులకు వచ్చే పిల్లలు ఉంటారు. ఒక రూటు లాభనష్టాలను కిలోమీటరుకు వచ్చిన ఆదాయంతో, సీట్లు నిండిన శాతంతో కొలిచేటప్పుడు, నైట్ హాల్ట్ ట్రిప్పును వేరుగా చూడాలని నేను కోరుకుంటాను. రాత్రి ఖాళీగా వెళ్లిన బస్సే పొద్దున నిండుగా వస్తుంది కనుక ఆ రెండింటినీ ఒకే ట్రిప్పుగా లెక్కించడం న్యాయం.

పదేళ్ల మధ్యలో రెండు పెద్ద విరామాలు వచ్చాయి. 2019 అక్టోబర్ 5న దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ప్రధాన డిమాండుగా, సమ్మెకు దిగారు. యాభై రోజులకు పైగా సాగిన ఆ సమ్మె నవంబర్ చివరలో ముగిసింది. దసరా పండుగ ఆ సమ్మెలోనే వచ్చి వెళ్లింది. ఆ రోజుల్లో జీతం లేక కార్మికుల ఇళ్లల్లో పడ్డ బాధ చిన్నది కాదు. అదే సమయంలో పల్లెల్లో బస్సు లేని రోజు ఎట్లా ఉంటుందో ఒక తరానికి మొదటిసారి తెలిసింది. సమ్మె ముగిసిన వెంటనే డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీలు పెరిగాయి. తిరిగి కుదురుకుంటున్న వేళ, 2020 మార్చి 22 నుంచి కరోనా కారణంగా బస్సులు పూర్తిగా ఆగిపోయి, జిల్లాల్లో మే 19న మళ్లీ రోడ్డెక్కాయి. ఆ రెండు నెలల్లో ముంబయి, పుణే నుంచి పాలమూరు వలస కూలీలు ఎలా తిరిగొచ్చారో ఈ ప్రాంతంలో మరచిపోయినవారు లేరు. బస్సులు మళ్లీ మొదలైనా, ఆగిపోయిన ప్రతి పల్లె ట్రిప్పూ వెంటనే తిరిగి రాలేదు. ఆగిన ట్రిప్పును మళ్లీ వేయించుకోవడానికి ఊరివాళ్లు సర్పంచిని వెంటబెట్టుకుని డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వడం, కొన్ని వారాలు చూసి మళ్లీ అడగడం అన్నది మాకు మామూలు విషయం. 2020 జూన్‌లో మొదలైన కార్గో, పార్సిల్ సేవ మాత్రం ఆ కష్టకాలపు మంచి ఫలితం. ఇవాళ అచ్చంపేట నుంచి ఒక పుస్తకాల కట్ట మహబూబ్‌నగర్‌కు సాయంత్రంలోగా చేరుతోంది.

2023 ఆగస్టు 6న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వ సేవలోకి తీసుకునే బిల్లుకు శాసనసభ ఆమోదం తెలిపింది. 43 వేల మందికి పైగా ఉద్యోగులకు సంబంధించిన నిర్ణయం అది. సమ్మెలో అడిగిన మాట నాలుగేళ్ల తర్వాత చట్టంలోకి వచ్చింది.

ఈ పదేళ్లలో జరిగిన అతి పెద్ద మార్పు మాత్రం 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం. రాష్ట్రంలోని మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు. తెలంగాణవాసి అని చూపే గుర్తింపు కార్డు చూపిస్తే, కండక్టరు ఎక్కిన చోటు, దిగే చోటు టిమ్ము అనే టికెట్ యంత్రంలో కొట్టి జీరో టికెట్ ఇస్తారు. ఆ టికెట్ లెక్కనే ప్రభుత్వం సంస్థకు సొమ్ము చెల్లిస్తుంది కనుక, డబ్బు ఇవ్వకపోయినా టికెట్ తీసుకోవడం తప్పనిసరి. నేనూ ఆ టికెట్ తీసుకునేదాన్నే. జీతం ఉన్న నాకు అది ఒక సౌకర్యం మాత్రమే. నా తరగతిలోని ఆడపిల్లలకు, వారి తల్లులకు అది పూర్తిగా వేరే విషయం.

ఆ విషయాన్ని ఒక లెక్కతో చెబుతాను. 2025 జూలైలో మహిళల ఉచిత ప్రయాణాలు రెండు వందల కోట్లకు చేరిన సందర్భంగా, వాటి విలువ దాదాపు 6,700 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. భాగిస్తే ఒక్కో ప్రయాణానికి సగటున 33 రూపాయల పైచిలుకు వస్తుంది. అంటే ఈ ప్రయాణాలలో ఎక్కువ భాగం దూరప్రయాణాలు కావు. పల్లె నుంచి మండలానికి, మండలం నుంచి పట్టణానికి, అమ్మగారింటి నుంచి అత్తగారింటికి, సంతకు, బ్యాంకుకు, రక్తపరీక్షకు, కాన్పు తేదీ దగ్గరపడిన కూతురిని చూసిరావడానికి చేసిన చిన్న ప్రయాణాలు. ముప్పై మూడు రూపాయలు పోవడానికి, ముప్పై మూడు రావడానికి, వెంట ఇంకొకరు ఉంటే దానికి రెట్టింపు. కూలి డబ్బుల నుంచి అంత తీయవలసి వచ్చినప్పుడు ఆడవాళ్లు మొదట మానుకునేది తమ పనినే. షుగరు పరీక్ష వచ్చే నెలకు వాయిదా పడుతుంది, బ్యాంకు పనికి కొడుకు వెళ్తాడు, చుట్టపుచూపు ఫోనులో తీరిపోతుంది. ఇప్పుడు ఆ పనులకు ఆమె తానే వెళ్తోంది. పథకానికి ముందు రాష్ట్రమంతటా రోజుకు 45 లక్షల ప్రాంతంలో ఉన్న ప్రయాణికులు తర్వాత 60 లక్షల దరిదాపులకు చేరడంలో, అంతకు ముందు మానుకున్న ఈ ప్రయాణాలకే పెద్ద వాటా ఉందని నేను నమ్ముతున్నాను.

అయితే పెరుగుదల ఏ వరుసలో జరగాలి అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ప్రపంచంలో బస్సు వ్యవస్థను ఒక దశాబ్దంలో బాగా పెంచుకున్న నగరాలలో లండన్ ఒకటి. 2003 ఫిబ్రవరి 17న ఆ నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద రోజువారీ రుసుము విధించినప్పుడు, కార్లు మానుకున్నవాళ్ల కోసం దాదాపు 300 అదనపు బస్సులను అదే రోజు నుంచి రోడ్డు మీద పెట్టారు. జనం రాకముందే బస్సు వచ్చి నిలబడింది. వచ్చిన రుసుమును రవాణాకే ఖర్చు పెట్టాలన్న నిబంధన ఉండటం వల్ల బస్సుల పెరుగుదలకు అది తోడ్పడింది కూడా. మనకు అది వ్యతిరేక క్రమంలో జరిగింది. కొత్త ప్రభుత్వం డిసెంబర్ 7న ఏర్పడింది, 9న పథకం మొదలైంది. ముందురోజు నడిచిన బస్సులే మర్నాడు కూడా నడిచాయి, ఎక్కే జనం మాత్రం ఒక్కసారిగా పెరిగారు. కొత్త బస్సుల కొనుగోలు, అద్దె బస్సుల పెంపు ఆ తర్వాత క్రమంగా వచ్చాయి.

ఈ వరుస తప్పని నేను అనను. బస్సులు సిద్ధమయ్యాకే పథకం అని అనుకుని ఉంటే అది ఇంకా మొదలయ్యేది కాదేమో. జనం ఎక్కి చూపించారు కనుకనే బస్సులు కావాలన్న మాటకు ఇవాళ బలం వచ్చింది. కానీ ఆ మధ్యకాలపు భారం ఎవరి మీద పడిందో గుర్తించాలి. సీటు దొరకక ఫుట్‌బోర్డు దాకా నిలబడిన మగపిల్లల మీద పడింది, ఇరుకులో ప్రతి ఒక్కరి కార్డు చూసి జీరో టికెట్ కొట్టవలసి వచ్చిన కండక్టర్ల మీద పడింది, టికెట్ కూడా తామే ఇస్తూ బండి నడపవలసిన డ్రైవర్ల మీద పడింది. ఆటోవాళ్ల మీద కూడా పడింది. జడ్చర్ల రోడ్డులోనూ, నార్కట్‌పల్లి, నల్లగొండ మధ్యలోనూ వాయిదాల మీద ఆటో కొనుక్కుని, ఆడవాళ్ల గిరాకీ మీదే బతికిన కుటుంబాలు ఆదాయం తగ్గి ఇబ్బంది పడ్డాయి. వారి ఆందోళనలను పథకానికి అడ్డుపుల్లలుగా చూసినవారు ఉన్నారు. నాకు అది సరిగ్గా అనిపించలేదు. బస్సు చేయలేని పనిని ఎన్నో ఏళ్లుగా ఆటో చేస్తూ వచ్చింది. బస్సు దిగిన చోటు నుంచి తండాకు, తండా నుంచి పొలానికి ఇప్పటికీ ఆటోయే దిక్కు. బస్సు వేళకు ఆటో ఉండేలా, ఆటో స్టాండు బస్టాండు పక్కనే ఉండేలా చూస్తే ఇద్దరికీ పని ఉంటుంది.

పల్లె సంగతి అలా ఉంటే, మహబూబ్‌నగర్ పట్టణం సంగతి ఇంకొకటి. ఈ పదేళ్లలో పట్టణం నాలుగు వైపులా సాగింది. 2016లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఎదిర వైపు ఉంది. కొత్త కలెక్టరేటు 2022 డిసెంబర్ 4న పాలకొండ దగ్గర ప్రారంభమైంది. ఐటీ టవరు 2023 మేలో దివిటిపల్లి దగ్గర మొదలైంది. పాలమూరు విశ్వవిద్యాలయం రాయచూరు రోడ్డులో బండమీదిపల్లి దగ్గర ఉంది. సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మధ్య రెండో రైలు మార్గం 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమై రైలు ప్రయాణానికి ఊతం వచ్చింది. 2025లో పట్టణం కార్పొరేషన్ అయింది. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ మంచివే. కలిపి చూస్తే, అంతవరకు గడియారం స్తంభం చుట్టూ నడిచి చేరుకోగలిగిన ఆఫీసులు, చదువులు, ఉద్యోగాలు అన్నీ ఊరి అంచులకు వెళ్లిపోయాయి.

ఇవి అంచులకు వెళ్లినా వాటిని కలిపే ప్రయాణం ప్రధానంగా ఆటోల మీదే సాగుతోంది. నారాయణపేట వెళ్లే బస్సో రాయచూరు వెళ్లే బస్సో విశ్వవిద్యాలయం ముందు నుంచి పోతుంది, భూత్పూర్ వైపు బస్సు కొన్ని కాలనీల మీదుగా పోతుంది. కానీ అవి ఊరు దాటి వెళ్లే బస్సులు, ఊరి కోసం వేసినవి కావు. కొత్తబస్టాండులో దిగిన పల్లె మనిషి ఎక్స్‌ప్రెస్‌లో ఉచితంగా వచ్చి, అక్కడి నుంచి కలెక్టరేటుకు ఆటోకు డబ్బు ఇచ్చుకుంటుంది. ఊరి నుంచి పట్నానికి ముప్పై, నలభై కిలోమీటర్లు జీరో టికెట్, పట్నంలో ఆఖరి కొన్ని కిలోమీటర్లకు మాత్రం జేబు ఖర్చు. వరంగల్, హనుమకొండల మధ్య సిటీ బస్సులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. అంత పెద్ద ఊరు కాకపోయినా, మహబూబ్‌నగర్‌కు కూడా రైల్వే స్టేషను, బస్టాండు, పెద్దాసుపత్రి, కలెక్టరేటు, వైద్య కళాశాల, విశ్వవిద్యాలయాలను కలుపుతూ తిరిగే రెండు రూట్లు వేయవలసిన సమయం వచ్చింది. నల్లగొండకూ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2019లో వచ్చిన వైద్య కళాశాల, క్లాక్ టవర్ సెంటర్, రైల్వే స్టేషను ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నాయి.

ఇటువంటి రూట్లకు పెద్ద బస్సులు అక్కరలేదు. కావలసింది వేళ తప్పకపోవడం. పావుగంటకు ఒకటి అని రాసి పెట్టి, పావుగంటకు ఒకటి నడిపితే ఆరు నెలల్లో జనానికి అలవాటవుతుంది. గంటకు ఒకటి నడిపి, ఎక్కేవారు లేరని ఎత్తేస్తే అది ప్రయత్నం అనిపించుకోదు.

ఇక అడ్డరూట్ల విషయానికి వస్తాను. ఇది నాకు సొంత విషయం కూడా, ఎందుకంటే మా పుట్టినూరికీ మెట్టినూరికీ మధ్య ఉన్నది ఆ దారే. మన బస్సు వ్యవస్థ మొత్తం హైదరాబాద్ వైపు చూస్తూ పెరిగింది. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ల మీదుగా హైదరాబాద్‌కు, నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ల మీదుగా హైదరాబాద్‌కు, కల్వకుర్తి నుంచి, దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులు వరుసగా ఉంటాయి. రెండు పట్టణాలూ రాజధానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అయితే ఈ రెండు పట్టణాలను ఒకదానితో ఒకటి కలిపే అడ్డదారి మీద బస్సులు పలుచన. ఎంతోమంది నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ రావాలంటే ఎల్బీనగర్ దాకా వెళ్లి, ఎంజీబీఎస్ బస్టాండుకు చేరి, అక్కడ బస్సు మారి వస్తారు. ఎదురుగా ఉన్న ఊరికి రాజధాని చుట్టి రావడం అలవాటైపోయింది.

ఈ పదేళ్లలో ఆ అలవాటును మార్చగల ఒక రోడ్డు వచ్చింది. రాయచూరు వైపు నుంచి మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ల మీదుగా కోదాడ దాకా సాగే 167వ నంబరు జాతీయ రహదారి అది. దక్షిణ తెలంగాణను తూర్పు పడమరలుగా కుట్టే దారి ఇది. దారిలో బెంగళూరు, శ్రీశైలం, నాగార్జునసాగర్, విజయవాడ వైపు వెళ్లే రోడ్లన్నిటినీ కలుస్తుంది. ఈ దారి మీద రెండు గంటలకు ఒక ఎక్స్‌ప్రెస్ కోదాడకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య నికరంగా నడిస్తే ఎవరికి మేలో ఊహించడం కష్టం కాదు. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పనికి వెళ్లేవారికి, డిండి వైపు నుంచి మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి వచ్చేవారికి, కల్వకుర్తి పిల్ల నల్లగొండ విశ్వవిద్యాలయంలో చేరాలనుకుంటే ఆ పిల్లకు. మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల కూడళ్లలో పక్క రూట్ల బస్సు వేళలను ఈ బస్సుకు కలిపితే, కోదాడలో ఎక్కిన మనిషి శ్రీశైలానికైనా గద్వాలకైనా ఒక్క మార్పుతో చేరవచ్చు.

జాతర రోజుల్లో మాత్రం మనవాళ్లు అడ్డదారుల విలువ గుర్తుచేస్తారు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు, చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరానికి, నార్కట్‌పల్లి పక్కన చెరువుగట్టు జాతరకు, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టుకు ప్రత్యేక బస్సులు వేస్తారు. ఆ కొద్ది రోజులు ఏ ఊరి నుంచి ఏ ఊరికి జనం కదులుతారో డిపోలకు ఉన్నంత స్పష్టమైన సమాచారం ఇంకెవరి దగ్గరా లేదు. అటువంటి సమాచారం ఇప్పుడు ఏడాది పొడవునా జీరో టికెట్ల రూపంలో పోగవుతోంది. ప్రతి టికెట్ మీదా ఎక్కిన స్టేజీ, దిగిన స్టేజీ, వేళ ఉంటాయి. ఇంతకాలం టికెట్ కొనలేక లెక్కలోకి రాని ఆడవాళ్ల ప్రయాణాలు మొదటిసారి కాగితం మీదకు వచ్చాయి. కొత్త రూటు ఎక్కడ వేయాలో, ఏ ట్రిప్పు వేళ అరగంట ముందుకు జరపాలో చెప్పగల ఆధారం అది. దాన్ని డిపోలవారీగా చూసి రూట్లు సవరించే పని జరగాలి.

పనివాళ్లు లేకుండా ఏ ట్రిప్పూ నడవదు కనుక నియామకాల మాట కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి పదవీ విరమణలే తప్ప పెద్ద సంఖ్యలో కొత్త డ్రైవర్లను తీసుకోకపోవడం వల్ల డిపోల మీద ఒత్తిడి పెరిగింది. 2025 సెప్టెంబరులో వెయ్యి డ్రైవరు పోస్టులకు, బస్సుల మరమ్మతు పనులు చూసే 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. నా పాత విద్యార్థులలో కొందరు హెవీ లైసెన్సు తీసి దరఖాస్తు పెట్టారు, వారి ఉత్సాహం చూస్తే నాకు సంతోషంగా ఉంది. బస్సు మీద చదువుకున్న పిల్లలు ఆ బస్సే నడపాలనుకోవడం మంచి విషయం.

మరొక కొత్త సంగతి మహిళా సంఘాల బస్సులు. 2025 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు మండల మహిళా సమాఖ్యల పేరుతో కొన్న బస్సులను ఆర్టీసీకి అద్దెకిచ్చే పథకం మొదలైంది. తొలి విడతలో 150 బస్సులు, వాటిలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా సంఘాలవీ ఉన్నాయి. ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయల అద్దె. నాకు తెలిసిన ఒక సంఘం సభ్యురాలు ఆ అద్దె తమ ఖాతాలో పడిన రోజు ఫోను చేసి, టైర్ల ఖర్చు, బీమా, బ్యాంకు వాయిదా ఎంతెంతో లెక్క చెప్పింది. ఇంతకాలం బస్సు వస్తుందా రాదా అని రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చున్న మనిషి ఇప్పుడు ఆ బస్సు మైలేజీ గురించి మాట్లాడుతోంది. అద్దె బస్సుల పద్ధతి పాతదే, యజమాని మారడమే ఇందులో కొత్త. బస్సు ఏ రూటులో తిరగాలన్న నిర్ణయంలో కూడా ఆ సంఘాల మాట వినాలని, కనీసం తమ మండలంలోని పల్లె ట్రిప్పుల వేళల విషయంలో ఏడాదికి రెండుసార్లు డిపో మేనేజరు వారితో కూర్చోవాలని నేను సూచిస్తాను. పొద్దున ఏ వేళకు బస్సు కావాలో వారికన్నా బాగా చెప్పగలవారు లేరు.

ఆ సమావేశం పెట్టేలోగా చేయగల చిన్న పని ఒకటి ఉంది. ప్రతి గ్రామపంచాయతీ గోడ మీద ఆ ఊరికి వచ్చే బస్సుల వేళలు పెద్ద అక్షరాలతో రాయించి, కింద డిపో ఫోన్ నంబరు వేయించాలి. ట్రిప్పు వేళ మారిన రోజే గోడ మీద కూడా మార్చాలి. మా కళాశాలలో నోటీసు బోర్డు పక్కన అలాంటి పట్టిక ఒకటి విద్యార్థులే తయారుచేసి పెట్టారు. దాన్ని చూసి, మధ్యాహ్నం చివరి పీరియడును ఇరవై నిమిషాలు ముందుకు జరిపాము. హన్వాడ, కోయిలకొండ వైపు వెళ్లే పిల్లలు ఇప్పుడు తరగతి మధ్యలో లేవకుండా పాఠం పూర్తిగా విని బస్సు అందుకుంటున్నారు.